మూడో వారం

రెండువేల ఎనిమిది ఎండాకాలం. ఉగాది పోయిన నాలుగో రోజు పొద్దున మా అత్త నాగలక్ష్మమ్మ నన్ను సామాన్ల గదిలోకి పిలిచి, ఏ డబ్బాలో ఏముందో చెప్పడం మొదలుపెట్టింది.

"ఈ డబ్బాలో కందులుండాయి. వేపాకు వేసినాను, పురుగు పట్టదు. ఆ జాడీలో ఉండేది పోయినేటి చింతపండు, ముందు అది వాడండి. నా నీలం చీర ఎల్లక్కకు ఇయ్యి. ఆమెకు ఎప్పట్నించో దాని మీద కన్ను."

ఎల్లక్క మా పక్కింటామె. నాకు పెళ్లై అప్పటికి ఐదేళ్లు. ఐదేళ్లలో ఆ గది తాళంచెవి అత్త నడుము దాటింది లేదు. ఆ రోజు నా చేతిలో పెట్టింది. ముందు నాకు సంతోషమే వేసింది, అబద్ధం ఎందుకు. తర్వాత ఆమె ముఖం చూశాను. ఊరికి పోయే మనిషి ఇల్లు అప్పగించినట్టు చెబుతోంది. ఆమె పోవాల్సిన ఊరేదీ లేదు.

మా ఊరు తోరణగల్లు నుంచి సండూరు పోయే దారి మీద ఉంది. ఆ రోజుల్లో ఆ దారి మీద ఖనిజం లారీలు తప్ప మనుషులు కనబడేవాళ్లు కాదు. దారి పక్కనున్న మా తొమ్మిదెకరాల్లో మిరప పెట్టేవాళ్లం. మా మామ సుబ్బరామి దాన్ని ఖనిజం కుప్పలు పోసుకోవడానికి బాడుగకు ఇచ్చాడు. మా ఆయన చక్రధర్ టిప్పర్లు కొన్నాడు. గడ్డి మీద ఎర్రదుమ్ము పేరుకుని ఎనుములు మేత ముట్టకపోతే ఆరింటినీ అమ్మేశాం. ఇంటికి టైల్స్ పడ్డాయి. ఇంట్లోకి పనిమనిషి వచ్చింది. అత్తకు చేయడానికి ఏ పనీ మిగల్లేదు. "ఇంత కాలం కష్టపడింది, ఇంక కూర్చోనీ" అనేవాడు మామ. నిజంగానే ప్రేమగా అనేవాడు.

శివరాత్రి నుంచి ఆమెకు నిద్ర లేకుండా పోయింది. కోడి కూయకముందే లేచి గోడకానుకుని కూర్చునేది. తిండి సగమైంది, పలుకు అందులో సగమైంది. ఏమైందని అడిగితే "బేజారు" అనేది. మా దిక్కున బస్సు రాకపోయినా బేజారే, కూరలో కారం తక్కువైనా బేజారే. అందుకే ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్లో మందులిచ్చే ఆర్‌ఎంపీ రెండుసార్లు సెలైన్ ఎక్కించి, నిద్ర పడుతుందని ఒక డబ్బా నిండా మాత్రలిచ్చాడు. బంధువులు వచ్చి "నీకేం తక్కువ?" అని అడిగి పోయేవాళ్లు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ ఆమె ఇంకొంచెం కిందికి వంగినట్టుండేది.

తాళంచెవి సంగతి మామకు చెప్తే, "కోడలికి తాళాలిస్తే తప్పా?" అన్నాడు. మా ఆయన దోణిమలై గనుల్లో లోడింగ్ దగ్గర ఉన్నాడు. ఫోన్ చేసి, "నువ్వు రాకుంటే నేనే బస్సెక్కించి బళ్లారికి పిల్చుకుపోతా" అన్నాను. నా గొంతు అట్లా ఎప్పుడూ వినలేదు కాబట్టి వచ్చాడు.

బళ్లారిలో మనసు జబ్బుల డాక్టరు దయాసాగర్. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. ఆయన దగ్గర యూనీస్ అనే నర్సు ఉండేది. డాక్టరు నిద్ర గురించి అడిగాడు, తిండి గురించి అడిగాడు. తర్వాత అదే గొంతుతో అడిగాడు:

"నాగలక్ష్మమ్మా, చచ్చిపోవాలని అనిపిస్తాందా?"

మామ కుర్చీలోంచి లేచాడు. "ఏంది డాక్టరప్పా ఆ మాట? లేని ఆలోచన నువ్వే పెడతాండావే."

"నేను పెడితే వచ్చే ఆలోచన కాదు సుబ్బరామిగారూ. లేకుంటే లేదంటాది. ఉంటే, అడిగే మనిషి ఒకడుండాడని తెలుస్తాది."

అత్త తన గాజులు చూసుకుంటూ, "అనిపిస్తాంది" అంది.

"అప్పుడప్పుడా, రోజూనా?"

"రోజూ."

"ఎట్ల అని కూడా అనుకున్యారా?"

ఆమె చెప్పింది. ఎక్కడ, ఎట్లా, ఇంట్లో ఎవరూ లేని వేళ ఏది, అన్నీ. ఆ మాటలు నేను ఇక్కడ చెప్పను. పూటకు ఎన్ని పావుల బియ్యం పోయాలో చెప్పినంత నిదానంగా చెప్పిందని మాత్రం చెబుతాను. మామ మెల్లగా కూర్చున్నాడు. ఆ ఇద్దరికీ పెళ్లై ముప్పై ఒక్క ఏళ్లు.

"ఇంతవరకు మిమ్మల్ని ఆపిందేంది?" అన్నాడు డాక్టరు.

"రోహిణి బిడ్డ. లేస్తూనే నా మీదికి పాకుతాది."

రెండేళ్ల మా చంద్రిక సంగతి అది. రోహిణి అంటే నేను.

డాక్టరు ఆసుపత్రిలో చేర్చమన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ఊళ్లో పిచ్చి అంటారని మామ ఒప్పుకోలేదు. అయితే మూడు మాటలకు కట్టుబడాలన్నాడు డాక్టరు. ఆమె ఒక్కతే ఉండకూడదు. ప్రమాదమైనదేదీ ఇంట్లో ఉండకూడదు. మాత్రలు నా చేతిలోనే ఉండాలి, ఆయన వారానికి సరిపడేదానికి మించి ఇవ్వడు. ఆర్‌ఎంపీ ఇచ్చిన డబ్బా నేను వెంట తెచ్చాను. దాని మీద పేరు చదివి ఆయన తన సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"చెడ్డ మందేం కాదు, పాత మందు. తగినంత ఇస్తే మేలు చేస్తాది. కానీ ఇంత డబ్బా ఇప్పుడు మీ ఇంట్లో ఉండకూడదు. నేనిచ్చేది దానికంటే భద్రమైంది. దాన్ని కూడా లెక్కగానే ఇస్తా."

ఆయనిచ్చిన తెల్ల మాత్ర పేరు సెర్ట్రలిన్. మొదటి వారం సగం, తర్వాత ఒకటి. అది తింటే నిద్రమాత్రలాగా మత్తు రాదని, అలవాటు పడిపోయే సరుకు కాదని చెప్పాడు. మెదడులో ఒక నరం ఇంకో నరానికి కబురు పంపేటప్పుడు వదిలే పదార్థం ఒకటుందట. పంపిన నరమే దాన్ని వెంటనే వెనక్కి లాక్కుంటుందట. ఈ మాత్ర ఆ లాక్కోవడాన్ని ఆపుతుంది.

"అయితే రేపటికి బాగైతాదా?" అన్నాడు మా ఆయన.

"ఆపడం మొదటి రోజే ఆపుతాది. మనసు కుదుటపడేదానికి మూడు వారాలు, నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. ఎందుకంత ఆలస్యమో మాకూ పూర్తిగా తెలీదు. కాలవకు నీళ్లు వదిలిన పొద్దే పైరు లేస్తాదా చక్రధర్? ముందు వారాల్లో కడుపులో తిప్పుతాది, తలనొప్పి వస్తాది. మందు పడలేదని ఆపొద్దు."

బయటికొచ్చాక యూనీస్ సిస్టర్ నన్ను వరండా చివరికి పిలిచింది. నా కంటే పదేళ్లు పెద్దదేమో. "నీకొకటి చెప్తా, మగోళ్లు మర్చిపోతారు. ఈ మందుకు ఒంట్లో బలం ముందొస్తాది, మనసు వెనకొస్తాది. ఆమె లేచి తిరిగితే మీరంతా సంబరపడి వదిలేస్తారు. అప్పుడే నువ్వు ఎక్కువ చూడాల. అనుమానమొస్తే అడుగు. 'అట్లాంటి పని చేసుకోవు కదా' అని అడగొద్దు. అట్లడిగితే ఎవరైనా లేదనే అంటారు. డాక్టరు అడిగినట్ల అడుగు."

ఇంటికి రాగానే మామ పంపుషెడ్డులో ఏళ్ల తరబడి పడివున్న పురుగుమందులన్నీ మూట కట్టించి ఊరి నుంచే పంపేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బంధువులకు మాత్రం అత్తకు షుగరని చెప్పాం.

మొదటి రెండు వారాలు కష్టంగా గడిచాయి. మాత్ర వేసుకున్న గంటకు ఆమె వాంతి వచ్చేట్టుందనేది. తల పగిలిపోతోందనేది. రెండో వారంలో ఇంకొకటి మొదలైంది. కూర్చుంటే కాలు నిలవదు, లేస్తే వసారాలో ఈ మూల నుంచి ఆ మూలకు నడక. "లోపల ఎవరో తరుముతాండారు" అంది ఒకసారి. "తిన్నాక ఇంకా చెడింది, మాన్పిద్దాం" అన్నాడు మామ. యూనీస్ సిస్టర్ ప్రతి మంగళవారం ఫోన్ చేసేది. అన్నం తిన్నాక ఇవ్వమంది. తరుముతున్నట్టుందన్న మాట నేను ఆమెతో చెప్పలేదు. అది మందు వల్ల కావచ్చని నాకు తెలియదు, బేజారులో భాగమే అనుకున్నాను.

మూడో వారంలో తెక్కలకోటలో మా మామ చెల్లెలి కూతురి పెళ్లి. అత్తను పెళ్లికి తీసుకుపోయే మాట ఎవరూ ఎత్తలేదు. నేను ఆగిపోవడమా, ఎల్లక్కను కూర్చోబెట్టడమా అని మాట్లాడుకుంటున్నాం.

పెళ్లినాటి పొద్దున లేచి చూస్తే అత్త అప్పటికే తలస్నానం చేసి ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, స్టవ్ మీద కాఫీ పెట్టింది. నలభై రోజుల తర్వాత ఆమె చేతి కాఫీ తాగుతూ మామ కళ్లు తుడుచుకున్నాడు.

"నేను బాగుండా. అందరూ పోండి" అంది అత్త. "ఎల్లక్క కూడా ఎందుకు? ఇరవై అడుగుల్లో ఉండాది, కావాలంటే పిలుచుకుంటా."

మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. డాక్టరు చెప్పిన మూడు వారాలు సరిగ్గా లెక్కకొచ్చాయి. నేను పట్టుచీర కట్టుకున్నాను. చంద్రికను అత్త దగ్గర వదిలిపోదామని మా ఆయన అన్నాడు. ఎండ ఎక్కువ, పిల్ల తట్టుకోలేదు, ఇద్దరూ ఒకరికొకరు తోడుంటారని.

"వద్దు వద్దు, బిడ్డను కూడా పిల్చుకుపోండి" అంది అత్త.

నేను పూలు పెట్టుకుంటున్నాను. చెయ్యి జడలోనే ఆగిపోయింది. పిల్ల పెరట్లోకి పోతే కేకేసి పిలిచే మనిషి ఆమె. జ్వరంలో కూడా పక్కలో వేసుకోనివ్వమని పోట్లాడిన మనిషి.

జీపు దాకా పోయి, "నేను బయట చేరినాను, పెళ్లికి రాకూడదు" అన్నాను. అబద్ధమే. మామ విసుక్కున్నాడు. మా ఆయన నన్నొకసారి అనుమానంగా చూశాడు గానీ ముహూర్తం దగ్గరపడుతోంది. పిల్లను ఒళ్లో వేసుకుని ఎక్కాడు. నేను అత్త వైపు చూశాను. నా మాట విన్నప్పుడు ఆమె ముఖం వాడిపోయింది. వెంటనే సర్దుకుంది.

జీపు పోయింది. ఆమె అరుగు మీద కూర్చుంది. "నువ్వూ పోయింటే బాగుండు" అంది.

పక్కన కూర్చున్నాను. డాక్టరు అడగడం వేరు, కోడలు అడగడం వేరు. ఐదేళ్లలో నేను ఆమెను "భోంచేస్తావా" అని తప్ప వేరే ప్రశ్న అడిగింది లేదు.

"అత్తా, చచ్చిపోవాలని అనుకుంటాండావా?"

ఆమె చీర అంచున లేచిన దారం పోగు ఒకటి లాగుతూ కూర్చుంది.

"ఈ పొద్దు అనుకున్యా. మీరు పోయినాక."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నువ్వుండావు కదా."

పిల్ల గుర్తులేదా అనలేదు. పాపమనలేదు, పరువనలేదు. అవేవీ అనొద్దని సిస్టర్ ఒక మంగళవారం ఫోన్‌లో చెప్పింది. చెప్పకపోయినా నాకు ఆ మాటలు వచ్చేవి కావు. ఆమె చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో యూనీస్ సిస్టర్‌కు ఫోన్ చేశాను. "ఇప్పుడే పిల్చుకురా, ఆమె చెయ్యి వదలొద్దు" అంది సిస్టర్.

దారి మీదికొస్తే బస్సు లేదు. తోరణగల్లు రైలు గేటు దాకా లారీలు ఆగిపోయి ఉన్నాయట. మా టిప్పర్ తోలే హులిగప్ప ఖాళీ బండితో వెనక్కి వస్తూ మమ్మల్ని చూసి ఆపాడు. పట్టుచీరలో నేను, నా చేతిలో చెయ్యి పెట్టి అత్త.

"ఏనాయ్తక్కా? యాడికి?" అన్నాడు కన్నడం కలిపి.

"బళ్లారికి, ఆసుపత్రికి."

కాలు ఎక్కడ పెట్టాలో చూపించి, తన తువ్వాలు సీటు మీద పరిచి ఇద్దర్నీ ఎక్కించాడు. "అమ్మోరికి ఏమైంది? జ్వరమా?" అన్నాడు. షుగరని చెప్పబోయాను.

"మనసు బాగలేదప్పా" అంది అత్త.

హులిగప్ప బండి వెనక్కి తిప్పాడు. "ఆయ్తు, పోదాం" అన్నాడు. ఆగివున్న లారీల పక్కనుంచి మట్టిలోకి దింపి, కంపచెట్లు గీసుకుపోతుంటే అట్లాగే తోలాడు. అంత ఎత్తు మీద అత్త ఎప్పుడూ కూర్చోలేదు. దారిలో మా చేను వచ్చింది. ఎర్రటి కుప్పలు, వాటి మీద తిరిగే యంత్రాలు.

"అదేనా మన చేను?"

"అవునత్తా."

"పై నుంచి చూస్తే ఇంతే ఉండాది" అంది. కాసేపాగి, "నాకు దాని మీద కూడా దుఃఖం రావడం లేదు రోహిణీ. వస్తే బాగుండు" అంది. బేజారంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

ఈసారి డాక్టరు ఎవరినీ అడగలేదు, చేర్చుకున్నాడు. అత్త కూడా వద్దనలేదు. కాలు నిలవకపోవడం, లోపల తరమడం గురించి నేను చెప్తే ఆయన పెన్ను కింద పెట్టాడు. "కొంతమందికి ఈ మందు మొదట్లో అట్ల చేస్తాది. నేనే ఇంకా గట్టిగా అడిగుండాల్సింది. తప్పు నీది కాదు, నాది." మాత్ర కొంచెం తగ్గించి, ఆ ఆత్రం అణగడానికి కొన్నాళ్లకే అని చెప్పి ఇంకో మందు చేర్చాడు. "మందు పని చేయడం లేదని కాదమ్మా. మొదలుపెట్టింది. మనసు ఇంకా రాలేదు, అంతే."

నేను ఫోన్ చేస్తే సాయంత్రానికి మామ, మా ఆయన పిల్లతో పెళ్లి నుంచి నేరుగా వచ్చారు. నేను అబద్ధం ఎందుకు చెప్పానో విన్నాక మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మామ మంచం పక్కన స్టూలు లాక్కున్నాడు. పెళ్లి అక్షింతలు ఇంకా భుజం మీద ఉన్నాయి.

"నాకు చెప్పకూడదా నాగలక్ష్మీ?"

అత్త ఆయన ముఖం చూడకుండా అంది: "పొద్దున కాఫీ తాగి ఏడిస్తిరి. అంత సంతోషంగా ఉండ్రి. ఎట్ల చెప్పేది?"

ఆ ఆసుపత్రిలో పదకొండు రోజులు మామే ఉన్నాడు. నన్ను, మా ఆయనను రాత్రిళ్లు ఉండనివ్వలేదు. టిప్పర్ల యజమాని నాయన, ముందుగదిలో పేషెంట్ల బంధువులతో కలిసి చాప మీద పడుకున్నాడు. పరామర్శకు వచ్చిన పెళ్లివాళ్లు "షుగర్ ఎంత ఉండాది?" అని అడిగితే, "షుగర్ కాదు, మనసుకు మందు తింటాండాది" అని తనే చెప్పాడు. వాళ్లు కొంచెం ఇబ్బందిపడి, పండ్లు పెట్టి పోయారు. అంతకు మించి ఏ ఉపద్రవమూ రాలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రోజూ అడగమన్నాడు. ఆ పని నాదే అనుకున్నాను. మామ, "నేనడుగుతా" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు "నీళ్లు తే, అన్నం పెట్టు" తప్ప పెళ్లాంతో మాట్లాడని మనిషికి అది సులభం కాలేదు. మొదట్లో గొంతు సవరించుకుని, తలుపు వైపు చూస్తూ అడిగేవాడు. ఆమె నిజమే చెప్పేది. ఈ పొద్దు అనిపించిందనేది, అయితే డాక్టరు ముందర లేచినట్టు ఆయన లేచేవాడు కాదు. ఈ పొద్దు కొంచెమే అనేది. ఒకసారి వారమంతా లేదని, మళ్లీ ఒక రోజు ఉందని. వరసగా మెట్లెక్కినట్టు బాగుపడుతుందని మేమనుకున్నాం, అట్లా జరగలేదు. అయిదో వారంలో తెల్లవారి ఆరు దాకా నిద్రపోయింది. ఏడో వారంలో చంద్రిక ఏదో వచ్చీరాని మాట అంటే నవ్వింది. బాగయ్యాక కూడా చాలా నెలలు మాత్ర ఆపకూడదన్నారు, ఆపలేదు. మరుసటేడు డాక్టరే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చి మాన్పించాడు.

మొదటి మంచి వాన పడిన రోజు సాయంత్రం నాకు బాగా గుర్తుంది. లారీలు బురదలో దిగబడి దారి నిశ్శబ్దంగా ఉంది. వాళ్లిద్దరూ వసారాలో కూర్చున్నారు. నేను వంటింట్లో రొట్టెలు తడుతున్నాను. మామ గొంతు సవరించుకోవడం వినబడింది.

"ఈ పొద్దు ఏమన్నా అనుకున్యావా?"

రొట్టె తట్టే చేతిని ఆపేసి నేను చెవి పెట్టాను.

"ఏంది, చెప్పు" అన్నాడు మామ మళ్లీ.

"కాకరకాయలు అనుకున్యా" అంది అత్త. "సంతలో అగ్గువైనాయంట, ఎల్లక్క చెప్పె. రేపు తెప్పించి పొడి కొట్టల్ల అనుకున్యా. పొద్దుననుంచి అదే అనుకుంటాండా."

"ఎన్ని కిలోలు?" అన్నాడు మామ.